వయోజనుల ఆంగ్లవిద్య - డిజిటల్ పుస్తకము

వర్షము తప్పిన యేట వేరుసెనగ చేను విడిచి బెంగుళూరికి వలసపోవుట అనంతపుర సీమలో పలు కుటుంబములకు వాడుకయై యున్నది. అట్టివారికి ఆసుపత్రి కాగితమును, బ్యాంకు పత్రమును చదువుకొనగల యాంగ్లము అలంకారము కాదు; పనిముట్టు. ఫోనులో తెరచుకొను డిజిటల్ పాఠ్యపుస్తకము వారికి ఆ పనిముట్టును సులభముగా నందించునని నేడు ఆశ కలుగుచున్నది. పుస్తకము రూపు మారినంత మాత్రమున చదువు వచ్చునా? ఈ ప్రశ్నకు మన సీమ చరిత్రమే కొంత సమాధానము చెప్పుచున్నది.

1800లో నిజాము ఈ సీమను కంపెనీకి దత్తము చేసెను. అనంతపురము అటుపిమ్మట బళ్లారి మండలములో నుండి, 1882లో వేరు మండలమాయెను. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో దేశీయ విద్యాస్థితిని విచారింప నాజ్ఞాపింపగా, మరుసటి యేట బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ నివేదిక పంపెను. మండలమున 533 బడులు, 6,641 మంది విద్యార్థులు గలరని అతడు లెక్కించెను. కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. ఆంగ్లము నేర్పునది ఒక్కటియే. జనుల దారిద్ర్యముచే బడులు క్షీణించుచున్నవని యతడు వ్రాసెను.

ఆ నివేదికలో సంఖ్యలకంటె విలువైనవి రెండు మాటలు గలవు. వాడుకభాషకు దూరమైన గ్రంథములను పిల్లలు అర్థమెరుగక చిలుకలవలె వల్లించుచున్నారనుట యొకటి. ఇసుకలో వ్రాయించుటచే ఖర్చు తగ్గుచున్నదనియు, ముందు నేర్చినవారు వెనుకవారికి నేర్పు పద్ధతి ఇంగ్లండులో సైతము అనుకరింపబడినదనియు మెచ్చుకొనుట రెండవది.

ఈ కాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణము ప్రకటించినవాడే. కంపెనీ యుద్యోగులు దేశభాషలు నేర్చుటకై 1812లో మద్రాసున సెంట్ జార్జి కోట కళాశాల యేర్పడెను. అచ్చట వారికి మున్షీలుండిరి. క్రమముగా వారి మాతృభాషలో వివరించిన వ్యాకరణములును లభించెను. 1820లో కడపకు వచ్చిన బ్రౌను సైతము పండితుల సాయముననే మన భాష నేర్చి, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించెను. పరభాష నేర్వబూనిన ఆ వయోజనులను ఒంటరిగా పుస్తకముతో విడిచిపెట్టలేదు. మన వయోజనునకు మాత్రము ఆ సాయమేల దక్కరాదు?

నేటి సాధనములను మేము తక్కువ చేయము. 2017లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన దీక్ష వేదికలోని పాఠములను ఫోనులోనికి దించుకొని, తరువాత ఇంటర్నెట్టు లేకున్నను చదువవచ్చును. 2020 తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒక పుట ఆంగ్లము, ఎదుటి పుట తెలుగుగా బడిపుస్తకములను ముద్రించినది. డిజిటల్ పుస్తకమునకు మరి రెండు గుణములు గలవు: పదమును పలికి వినిపింపగలదు, వలసపోవువానితో తానును పోగలదు. అచ్చుపుస్తకమునకు మొదటిది అసాధ్యము. ఊరిలోని రాత్రిబడికి రెండవది అసాధ్యము.

అయినను ఫోను పలికిన వాక్యమును అర్థమెరుగక తిరిగి పలుకుట కాంబెల్ నిందించిన వల్లెయే. పిల్లల పాఠములు పెద్దలకు చాలవు. కూలి లెక్క, మందుచీటి, బస్సు పలక - ఇవి వారి పాఠములు కావలెను. ప్రతి పాఠమునకు తెలుగు వివరణ యుండవలెను. ఇంటికొక్క ఫోనున్నచోట అది తరచు మగవాని జేబులోనే యుండును. స్త్రీకి దినమునకొక గంట దానిని విడిచిపెట్టుట యింటివారి ధర్మము.

ఇక బోధకుడెవరు? ముందు నేర్చినవారు వెనుకవారికి నేర్పు పద్ధతి మన వీధిబడులదే గదా. బడికిపోవు కూతురు రెండు భాషల పుస్తకమును తెరచి తల్లిచెంత కూర్చుండినచో, ఫోను ఉచ్చారణను చెప్పును, కూతురు అర్థమును చెప్పును. చదువరులు తమ యిండ్లలో పనిచేయువారికైనను ఈ యవకాశము కల్పించిరేని, అది ప్రభుత్వోత్తరువునకై వేచియుండనక్కరలేని సంస్కారమగును.