గుర్తింపు వేరు, చెలిమి వేరు

హోసూరు పట్టణమునకు సమీపమున తొరపల్లి యను గ్రామము కలదు. చక్రవర్తి రాజగోపాలాచారిగారు 1878 డిసెంబరు 10వ తేదీన అచ్చట జన్మించిరి. రాజాజీ రాజకీయములతో తెలుగువారికి పేచీలు లేకపోలేదు. అది వేరొక వ్యాసమునకు తగిన సంగతి. వారు గవర్నరు జనరలు పదవిని వీడుటకు నెల దినములైనను లేని సమయమున, 1949 డిసెంబరు 30న, భారత ప్రభుత్వము చీనాలో ఒక ప్రభుత్వమును విడిచి మరియొక ప్రభుత్వమును గుర్తించెను. నిర్ణయము నెహ్రూ మంత్రివర్గముది. పీఠముమీద నున్నవారు మాత్రము మన సీమవారు.

విడువబడినవారు మనకు పరాయివారు కారు. చియాంగ్ కై షేక్ 1942 ఫిబ్రవరిలో సతీసమేతముగా మన దేశమునకు వచ్చి, కలకత్తాలో గాంధీజీని కలిసికొని, భారతీయులకు నిజమైన రాజ్యాధికారము త్వరలో నీయవలసినదని బ్రిటిషువారికి బాహాటముగా చెప్పెను. మన సంకెలలు తెగక మునుపు అట్లు పలికిన పరదేశాధినేతలు ఎందరు? కాని 1949 అక్టోబరు 1న పెకింగులో మావో నూతన ప్రభుత్వమును ప్రకటించెను. డిసెంబరు నాటికి చియాంగు పక్షము తైవాను ద్వీపమునకు తరలిపోయెను.

గుర్తింపనగా మెచ్చుకోలు కాదు. నేల యెవరి యేలుబడిలో నున్నదో వారితో వ్యవహారము నడపక తప్పదు. పూర్వము కరణము మారినచో రైతు కొత్త కరణమునొద్దకే పోయెడివాడు. అంతమాత్రమున పాతవానితో పలుకులు మానెడివాడా? 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు మనము మద్రాసు రాష్ట్రముననే నిలిచితిమి. కుప్పము, చిత్తూరులతో మన వియ్యములు ఆగినవా?

నాన్కింగులో పాత ప్రభుత్వమునొద్ద రాయబారిగా నుండిన సర్దారు పణిక్కరుగారే 1950లో పెకింగునకు తొలి భారత రాయబారిగా వెళ్లుట ఒక విశేషము. బర్మా మనకంటె ముందే గుర్తించెను. బ్రిటను 1950 జనవరి 6న గుర్తించెను. అమెరికా 1979 జనవరి 1 వరకు ఆగెను గాని, ఆ యేటనే తైవానుతో అనధికార సంబంధములు నడపుటకు చట్టము చేసికొనెను. ఆ ముందుచూపు మనవారికి కొరవడెను. 1962లో చీనా మనపై దండెత్తినను గుర్తింపును మనము ఉపసంహరింపలేదు. అది సరియే. కాని అప్పుడైనను పాత మిత్రుని వాకిలి తట్టి పలుకరింపవలసినది.

తుదకు 1995లో తైపేలో ఇండియా తైపే అసోసియేషను, ఢిల్లీలో తైపే ఆర్థిక సాంస్కృతిక కేంద్రము వెలసినవి. పేరునకు ఇవి రాయబార కార్యాలయములు కావు. వీసాలు, వర్తకము, విద్యార్థుల రాకపోకలు వీని మూలముననే సాగుచున్నవి. ఇంచుమించు నలువదియైదేండ్ల మౌనము మా దృష్టిలో అనవసరమైనది. పెకింగు గుర్తింపునకు దానివలన ఒనగూరిన బలమేమియు లేదు.

నేడు హోసూరునుండి కృష్ణగిరికి పోవు రహదారిలో, కురుబరపల్లియొద్ద, తైవానువారి డెల్టా ఎలక్ట్రానిక్స్ కర్మాగారము కలదు. ఆ దేశమునకు మన ప్రభుత్వము గుర్తింపు నేటికిని ఈయలేదు.