పందా, బాంజోనా? రాల్ఫ్ స్టాన్లీ 70 ఏళ్ల పాట

ఒక పంది ఐదు డాలర్లు, ఒక బాంజో ఐదు డాలర్లు. "రెండూ కొనలేను, ఏది కావాలో చెప్పు" అని అమ్మ అడిగింది. పిల్లాడు బాంజో కావాలన్నాడు. ఆ పిల్లాడే రాల్ఫ్ స్టాన్లీ. ఈరోజు ఎపిసోడ్ ఆయన గురించే.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం నైరుతి మూల, అపలాచియన్ కొండల్లో, డికెన్సన్ కౌంటీ అని ఉంది. బొగ్గు గనులు, చిన్న చిన్న పొలాలు ఉండే చోటు. 1927 ఫిబ్రవరి 25న రాల్ఫ్ అక్కడ పుట్టారు. బాంజో నేర్పింది కూడా అమ్మ లూసీనే. వాళ్లు వెళ్లే ప్రిమిటివ్ బాప్టిస్ట్ చర్చిలో మాత్రం వాయిద్యాలే ఉండవు. మన భజనల్లో లాగా ఒకరు లైను అందిస్తే మిగతావాళ్లు అందుకుంటారు. అంతా ఒట్టి గొంతే. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

1946లో సైన్యం నుంచి తిరిగొచ్చాక, అన్న కార్టర్‌తో కలిసి 'స్టాన్లీ బ్రదర్స్' మొదలుపెట్టారు. బ్రిస్టల్ ఊళ్లోని డబ్ల్యూసీవైబీ రేడియోలో రోజూ ప్రోగ్రాం చేసేవారు. అప్పుడే బిల్ మన్రో అనే ఆయన బాంజో, ఫిడేలు, మాండొలిన్, గిటార్, బేస్‌తో ఒక కొత్త పద్ధతి తెచ్చారు. ఆయన బ్యాండు పేరు మీదే దాన్ని బ్లూగ్రాస్ అన్నారు. స్టాన్లీ బ్రదర్స్ కూడా ఆ దారి పట్టారు కానీ, రాల్ఫ్ మాత్రం తనది పాతకాలం కొండపాట అనే చెప్పుకునేవారు.

పేరొచ్చింది గానీ డబ్బు నిలవలేదు. మధ్యలో కొన్నాళ్లు అన్నదమ్ములిద్దరూ డెట్రాయిట్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీలో పనిచేశారు. తర్వాత రాక్ అండ్ రోల్ వచ్చి జనాన్ని లాగేసుకుంది. పని వెతుక్కుంటూ 1958లో ఫ్లోరిడా వెళ్లిపోయారు.

1966 డిసెంబర్ 1న కార్టర్ చనిపోయారు. వయసు 41. అసలు దెబ్బ ఇదే. స్టేజీ మీద జనంతో మాట్లాడేది, మెయిన్‌గా పాడేది కార్టరే. రాల్ఫ్ బిడియస్తుడు, పక్కన నిలబడి పైస్థాయిలో అందుకునేవారు. మానేయాలా, కొనసాగించాలా? కొనసాగించారు. అది కూడా ఎలా? మార్కెట్ కోసం కొత్తగా మారలేదు, ఇంకా వెనక్కి వెళ్లారు. చిన్నప్పటి చర్చిలో విన్నట్టు, వాయిద్యం లేకుండా పాడే భక్తిపాటల్ని తన బ్యాండులోకి తెచ్చారు.

ఆ బాట పట్టిన కుర్రాళ్లు కూడా వచ్చారు. ఒకసారి షోకి రాల్ఫ్ లేటుగా చేరేసరికి, కెంటకీకి చెందిన ఇద్దరు టీనేజర్లు స్టాన్లీ బ్రదర్స్ పాటలే పాడుతూ జనాన్ని కూర్చోబెట్టారు. వాళ్లు రికీ స్కాగ్స్, కీత్ విట్లీ. ఇద్దర్నీ బ్యాండులో చేర్చుకున్నారు. తర్వాత ఇద్దరూ కంట్రీ మ్యూజిక్ స్టార్లయ్యారు. 1971 నుంచి రాల్ఫ్ తన సొంత కొండ మీదే ఏటా పాటల పండగ పెట్టారు. 1976లో లింకన్ మెమోరియల్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అప్పట్నుంచి అందరికీ 'డాక్టర్ రాల్ఫ్' అయిపోయారు.

2000లో 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' అనే సినిమా వచ్చింది. అందులో 'ఓ డెత్' పాటకి బాంజో ఉండాలని సంగీత నిర్మాత టీ బోన్ బర్నెట్ అనుకున్నారు. రాల్ఫ్ మాత్రం వాయిద్యం లేకుండా తన పద్ధతిలో పాడతానన్నారు. పాడి వినిపించారు. దాన్నే ఉంచేశారు. చిన్నప్పటి ఆ చర్చి గొంతే ప్రపంచమంతా వినబడింది. 2002లో ఆ పాటకి గ్రామీ వచ్చింది. అప్పటికి ఆయనకి 75 ఏళ్లు.

2016 జూన్ 23న, 89 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. ఇవాళ ఒక పని చేయండి. ముందు స్టాన్లీ బ్రదర్స్ పాత రికార్డింగ్ ఏదైనా వినండి, కార్టర్ గొంతు మీద తమ్ముడి గొంతు ఎలా ఎక్కుతుందో తెలుస్తుంది. తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 'ఓ డెత్' వినండి. ఇక్కడ అన్న లేడు, బాంజో లేదు. మిగిలింది ఆ ఒక్క గొంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.