ఒళ్ళు పట్టే చదువు

మా చెల్లెలి కూతురిని చూడడానికి తాడేపల్లిగూడెం నుంచి పెళ్ళివారొచ్చారు. కాఫీ ఫలహారాలయ్యాక పెళ్ళికొడుకు తల్లిగారు, "అమ్మాయి ఏం చదువుతోందండీ?" అని అడిగారు. "ఫిజియోథెరపీ అండీ" అంది పిల్ల. ఆవిడ కాసేపు ఆలోచించి, "అంటే... ఒళ్ళు పట్టే చదువా?" అన్నారు.

మా మరిది ముఖం నల్లబడింది. పిల్ల మాత్రం నవ్వి, "పట్టడమే కాదండీ, నడిపించడం కూడా" అంది. ఆ సంబంధం కుదరలేదు లెండి. జాతకాలు కలవలేదన్నారు.

ఆ మాట నాకు మరీ గుచ్చుకోవడానికి వేరే కారణముంది. నాలుగేళ్ళ క్రితం పిల్ల ఈ కోర్సులో చేరతానన్నప్పుడు సరిగ్గా అదే మాట నేనూ అన్నాను. "చక్కగా డిగ్రీ చదివి టీచరు కాక, పరాయివాళ్ళ కాళ్ళూ చేతులూ పట్టుకునే చదువేమిటే?" అని. ఆ తర్వాత నా కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోలేను, జాకెట్టు వేసుకోలేను, అటక మీది ఆవకాయ జాడీ అందుకోలేను. నలభై దాటిన ఆడవాళ్ళకు, అందులోనూ షుగరుంటే, ఈ జబ్బు ఎక్కువట. వంటింటి గోడ మీద పెన్సిలుతో గీతలు గీసి, "రోజూ వేళ్ళతో గోడెక్కు పెద్దమ్మా, ఏ గీత దాకా వెళ్ళావో చెప్పు" అన్నది ఆ పిల్లే. నీళ్ళచెంబు పట్టుకుని ముందుకు వంగి, చేతిని గడియారం లోలకంలా ఊపమన్నదీ ఆ పిల్లే.

ఏలూరులో వాళ్ళ కాలేజీ పిల్లలకొక క్లబ్బుంది. క్లబ్బంటే చీట్లపేక అనుకునేరు! పై తరగతులవాళ్ళు కింది తరగతులవాళ్ళకు ఎముకల పేర్లు వల్లె వేయిస్తారు. మోకాలు ఎంత వంగుతుందో, మోచెయ్యి ఎంత చాస్తుందో ఒకరి మీద ఒకరు కొలిచి నేర్చుకుంటారు. కొలిచే పనిముట్టు రెండు స్కేళ్ళను ఒక మేకుతో కలిపినట్టుంటుంది. ఆదివారాలు కొల్లేటి పల్లెలకు వెళ్తారు. "మీ క్లబ్బులో అందరూ ఆడపిల్లలేనా?" అని అడిగితే, "అసలు మొదలుపెట్టిందే ఆడవాళ్ళు పెద్దమ్మా" అని ఒక కథ చెప్పింది. నిజమో కాదో చూద్దామని పుస్తకాలు తిరగేశాను. నిజమే. కథ కన్నా బాగుంది కూడా.

1894లో లండన్‌లో మర్దన పేరుతో కొందరు చాటుగా వేరే వ్యాపారాలు సాగిస్తున్నారని బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. ఆ రాతతో నిజంగా రోగుల సేవ చేసే నర్సుల పరువూ పోయేలా ఉంది. అప్పుడు రోజలిండ్ పాజెట్, లూసీ రాబిన్సన్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అనే నలుగురు నర్సులు కలిసి శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ నియమాలు చదివితే మన అమ్మమ్మలు రాశారేమో అనిపించింది. డాక్టరు చెప్పందే ఎవరికీ మర్దన చెయ్యకూడదు. డాక్టరు ప్రత్యేకంగా కోరిన అత్యవసర కేసుల్లో తప్ప మగవాళ్ళకు అసలే కూడదు. రోగులకు మందులు అమ్మరాదు. వైద్యపత్రికల్లో తప్ప ప్రకటనలివ్వరాదు. వీటికి తోడు పరీక్ష కూడా పెట్టారు. పరీక్ష ప్యాసైతేనే సభ్యత్వం.

లోకం నోరు మూయించడానికి వాళ్ళు దెబ్బలాటకు దిగలేదు, సిలబస్ రాశారు. ఆ ఉపాయం నాకు భలే నచ్చింది.

1914లో యుద్ధమొచ్చేసరికి శిక్షణ పొందిన ఈ ఆడవాళ్ళ అవసరం తెలిసొచ్చింది. మొదట యాభైమంది దళంగా సైనికాసుపత్రులకు వెళ్ళారు. సైనికులంటే మగవాళ్ళేగా! పాత నియమం ఏమైపోయిందో వేరే చెప్పక్కర్లేదు. 1920లో సంఘానికి రాజశాసనం దక్కింది, మగవాళ్ళనూ సభ్యులుగా చేర్చుకున్నారు. అమెరికాలోనూ అంతే. యుద్ధంలో గాయపడ్డవాళ్ళను నడిపించిన ఆడవాళ్ళు 1921లో మేరీ మెక్‌మిలన్ అధ్యక్షురాలిగా సంఘం కట్టారు. మొదటి సభ్యులు 274 మంది.

మన దేశానికి ఈ చదువు తెచ్చింది మాత్రం యుద్ధం కాదు, పోలియో. 1952లో బొంబాయిలో పోలియో విజృంభించింది. మరుసటి ఏడే, 1953లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పాఠశాల వెలిసింది. 1955లో దేశంలోని ఫిజియోథెరపిస్టులంతా ఒక సంఘమయ్యారు.

పోలియో క్రిమి వెన్నుపాములో కండరాలను ఆడించే నరాల కణాలను చంపేస్తుంది. చచ్చినవి తిరిగి రావు. అందుకని మిగిలినవాటితోనే బండి లాగించాలి. బతికున్న కండరాలకు బలం పెంచాలి, కీళ్ళు బిగుసుకోకుండా చూడాలి. ఆస్ట్రేలియాలో ఎలిజబెత్ కెన్నీ అనే ఆవిడ, నర్సు చదువు పద్ధతిగా చదవకపోయినా, పోలియో పిల్లల కాళ్ళను బద్దలేసి కట్టేయకుండా వేడినీళ్ళలో ముంచి పిండిన ఉన్నిగుడ్డలు చుట్టి, తర్వాత మెల్లగా ఆడించేది. చాలామంది డాక్టర్లు కొట్టిపారేశారు. ఆవిడ 1940లో అమెరికా వెళ్ళాక గాని గుర్తింపు రాలేదు. వావిలాకు కాపడం పెట్టిన మన మంత్రసానులకు ఆ మాత్రం గుర్తింపూ రాలేదనుకోండి.

మన వైపు కాలికి ఇనుప కడ్డీలు కట్టుకుని బడికి వచ్చిన పిల్లలు మీ తరగతిలోనూ ఒకరిద్దరు ఉండే ఉంటారు. నా పక్క బెంచీలో ఒకమ్మాయి ఉండేది. తొక్కుడుబిళ్ళ ఆడేటప్పుడు మేము తనకు బిళ్ళలు కాపలా పెట్టేవాళ్ళం. అదే పెద్ద దయ అనుకునేవాళ్ళం! అటువంటి పిల్లలకు ఆపరేషన్లు చేయడమే జీవితంగా పెట్టుకున్న విశాఖపట్నం ఎముకల డాక్టరు సుంకర వెంకట ఆదినారాయణరావుగారు పుట్టింది మన భీమవరంలోనే. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అయితే కత్తి పని ఒక పూటలో అయిపోతుంది. ఆ తర్వాత నెలల తరబడి ఆ కాలిని వంచి, చాచి, నిలబెట్టి, పడిపోతే మళ్ళీ నిలబెట్టేవాళ్ళ పేర్లు ఏ పత్రికలోనూ పడవు.

పోలియో మన దేశంలో చివరిసారి 2011 జనవరిలో బెంగాల్‌లో ఒక పాపకు వచ్చింది. 2014లో దేశం పోలియో లేనిదయింది. మరి ఈ పిల్లలకిక పనేముంది అనుకున్నాను. పనుందో లేదో చూద్దువుగాని రమ్మని ఒక ఆదివారం నన్నూ కొల్లేటికి లాక్కుపోయింది మా పిల్ల.

చలికాలం. గూడబాతులు చెరువుగట్ల మీద బారులు తీరి ఉన్నాయి. బడి వరండాలో చాప పరిచారు. వరసగా వచ్చారు జనం. నాట్లు వేసి వేసి నడుం నిలవనివాళ్ళు, తాటిదోనె మీద గెడ వేసి వేసి భుజం అరిగిన ముసలాయన, పక్షవాతం వచ్చి చెయ్యి ముడుచుకుపోయిన ఒక తల్లి. పుత్తూరు కట్టు కట్టించుకున్న కుర్రాడొకడు వచ్చాడు. ఎముక అతుక్కుంది గాని మోచెయ్యి వంగడం లేదు. అన్నం ఎడంచేత్తో తింటున్నాడట. మా పిల్ల ఆ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, రెండు స్కేళ్ళ పనిముట్టుతో కొలిచి, కాగితం మీద రాసుకుని, ఎంతో నెమ్మదిగా వంచింది. పక్కనున్న పిల్ల గొంతెత్తి లెక్కపెడుతోంది.

పక్షవాతం తల్లి చివరికి, "మందేం ఇవ్వవా అమ్మాయ్?" అంది. "మందు మీ చేతిలోనే ఉంది మామ్మగారూ, రోజుకు నాలుగుసార్లు ఈ చపాతీకర్ర దొర్లించండి" అంది మా పిల్ల. ఆవిడకు నమ్మకం కుదిరినట్టు లేదు. అయినా మనవడిని పంపి నాలుగు కొర్రమీనులు తెప్పించి, వద్దంటున్నా తాటాకు బుట్టలో పెట్టించింది.

ఇంటికొచ్చాక నా గోడ దగ్గర నిలబడ్డాను. ఆరో గీత దాకా వేళ్ళు వెళ్ళాయి. ఆవకాయ జాడీ ఇంకా జానెడు దూరంలో ఉంది.