పెట్టె మీద పేరు ఎవరిది?

1979లో కాలిఫోర్నియాలోని అటారీ కంపెనీ మార్కెటింగ్ విభాగం తన ప్రోగ్రామర్లకు ఒక కాగితం పంచింది. ఏ గేము ఎంత అమ్ముడైందో వరసగా రాసిన జాబితా అది. బాగా పోతున్న రకం గేములే మరిన్ని చేయండి అని చెప్పడం వాళ్ల ఉద్దేశం. డేవిడ్ క్రేన్, లారీ కప్లాన్, అలాన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ అనే నలుగురు మాత్రం అందులో వేరే లెక్క చూసుకున్నారు. క్రేన్ తర్వాత చెప్పిన ప్రకారం, అంతకు ముందు ఏడాది గేము కార్ట్రిడ్జ్‌ల మీద వచ్చిన 10 కోట్ల డాలర్లలో 60 శాతం దాకా ఈ నలుగురి గేములదే. జీతమా, మనిషికి ఏడాదికి 30 వేల డాలర్ల లోపే.

గేము తయారుచేసినవాళ్లకూ అమ్ముకునేవాళ్లకూ మధ్య ఈనాటికీ నడుస్తున్న కోర్టు తగాదాలకు మొదలెక్కడ అంటే నేను ఆ కాగితాన్నే చూపిస్తాను. అప్పటికింకా డెవలపర్ వేరు, పబ్లిషర్ వేరు కాదు. గేములాడే యంత్రం చేసిన కంపెనీయే గేములూ చేసేది, తనే అమ్మేది. అయితే ఒక్కో గేమూ మొదటి నుంచి చివరిదాకా ఒక్క మనిషి పని. అటారీ యంత్రంలో మెమరీ 128 బైట్లు. నేటి కంప్యూటర్లు తెలుగు అక్షరాలను దాచే పద్ధతిలో ఈ వాక్యం కూడా అందులో పట్టదు. తెర మీది బొమ్మనంతా దాచుకునే చోటు లేదు కనుక, టీవీలో ఒక్కో గీత పడుతుండగానే ఎక్కడ ఏ రంగు రావాలో ప్రోగ్రాము అప్పటికప్పుడు చెప్పాలి. ఊహ, బొమ్మ, చప్పుడు, కోడు అన్నీ ఆ ఒక్కరివే. పెట్టె మీద మాత్రం అటారీ పేరే.

నలుగురూ కంపెనీ అధిపతి రే కాసర్ దగ్గరికి వెళ్లారు. ఆయన బట్టల పరిశ్రమ నుంచి వచ్చినవాడు. అటారీని కొన్న వార్నర్ సంస్థ తన పాటగాళ్లకు పేరూ ఇస్తుంది, రాయల్టీ కూడా ఇస్తుంది కదా, మాకూ అలాగే ఇవ్వండి అని అడిగారు. ఫ్యాక్టరీలో కార్ట్రిడ్జ్ బిగించే కార్మికుడి కంటే మీరేమీ ఎక్కువ కాదని ఆయన అన్నాడట. ఇది వాళ్లు చెప్పిన మాటే అనుకోండి. అయినా అటారీ అప్పటి తీరు చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

అదే కంపెనీలో వారెన్ రాబినెట్ అనే ఇంకో ప్రోగ్రామర్ అడగడం మానేసి, తన 'అడ్వెంచర్' గేములో ఓ రహస్య గది కట్టాడు. నేల రంగులోనే కలిసిపోయే ఒక్క చుక్కను వెతికి పట్టి, మోసుకెళ్లి, ఫలానా గోడ దాటితే ఇది చేసింది వారెన్ రాబినెట్ అని తెర నిండా కనిపిస్తుంది. ఓ పిల్లవాడు కనిపెట్టి ఉత్తరం రాసేదాకా అటారీకి ఆ సంగతి తెలియదు. అప్పటికి ఆయన ఉద్యోగం వదిలేశాడు కూడా.

నలుగురూ బయటికొచ్చి 1979 అక్టోబరులో, సంగీత వ్యాపారంలోంచి వచ్చిన జిమ్ లెవీతో కలిసి యాక్టివిజన్ పెట్టారు. యంత్రం అటారీది, అందులో పెట్టుకునే గేములు వీళ్లవి. గేము చేసినవాడి పేరును పెట్టె మీదే అచ్చు వేశారు. అటారీ 1980లో దావా వేసింది. మా దగ్గర నేర్చుకున్న వ్యాపార రహస్యాలతోనే వీళ్లు గేములు చేస్తున్నారన్నది ఆరోపణ. 1982లో రాజీ కుదిరింది. యాక్టివిజన్ గేములు చేసుకోవచ్చు, కాకపోతే అటారీకి రాయల్టీ కట్టాలి. రాయల్టీ ఇవ్వలేదని పోయినవాళ్లు చివరికి రాయల్టీ కట్టేవాళ్లయ్యారు! అయితేనేం, ఒకరి యంత్రానికి ఇంకొకరు గేములు చేసి అమ్మొచ్చన్నది ఖాయమైంది. అదే ఏడాది ట్రిప్ హాకిన్స్ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ పెట్టి, గేముల అట్టలను పాటల రికార్డుల్లా వేసి, చేసినవాళ్లను కళాకారులుగా చూపించడం మొదలెట్టాడు.

పేరు దక్కింది. అక్కణ్నుంచి గొడవ డబ్బు మీదికి మళ్లింది. గేముకు పదులమంది, వందలమంది కావాల్సి వచ్చేసరికి పెట్టుబడి పబ్లిషర్ చేతికి పోయింది. పని ఒక్కో దశ పూర్తయి పబ్లిషర్ సరేనంటేనే ఒక్కో వాయిదా అడ్వాన్సు వస్తుంది. గేము విడుదలయ్యాక డెవలపర్ వాటాలోంచి ఆ అడ్వాన్సంతా తీరితే తప్ప చేతికి రాయల్టీ రాదు. షావుకారు అప్పు తీరేదాకా పంట కళ్లంలోంచి ఇంటికి రాని రైతు పరిస్థితే ఇది. లెక్కల పుస్తకం ఎవరి దగ్గరుంటే పైచేయి వాళ్లదే.

మన ఊళ్ల నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ ఆడినవాళ్లకు ఆ గేము కంపెనీ వాల్వ్ కథ దగ్గరగా అనిపిస్తుంది. నెట్ సెంటర్లకు మా గేములు అమ్ముకునే హక్కు మీకు లేదంటూ 2002లో వాల్వ్ తన పబ్లిషర్ సియెరా మీద, దాని యజమాని వివెండి మీద కోర్టుకెళ్లింది. ఎదుటివాళ్లు కొరియన్ భాషలో ఉన్న కాగితాలు గుట్టలుగా తెచ్చి పడేశారు. వాల్వ్‌లో ఇంటర్న్‌గా ఉన్న ఓ కొరియన్ కుర్రాడు వాటిని చదువుతూ పోయి, ఆధారాలు నాశనం చేయడం గురించి రాసిన ఈమెయిల్ పట్టుకున్నాడు. 2005లో రాజీ అయింది. ఈలోగా వాల్వ్ 'స్టీమ్' పేరుతో ఇంటర్నెట్‌లో తన గేములు తనే అమ్ముకోవడం మొదలుపెట్టేసింది.

ఇక యాక్టివిజన్ సంగతి. అది పెరిగి, దివాలా తీసి, కొత్త యజమానుల చేతిలో మళ్లీ పెరిగి మహా పబ్లిషరైంది. 2009 నవంబరులో దాని ఇన్ఫినిటీ వార్డ్ స్టూడియో 'మోడర్న్ వార్‌ఫేర్ 2' విడుదల చేస్తే ఐదు రోజుల్లో 55 కోట్ల డాలర్ల అమ్మకాలు జరిగాయి. నాలుగు నెలలు తిరక్కుండానే, 2010 మార్చి 1న స్టూడియో పెద్దలైన జేసన్ వెస్ట్, విన్స్ జాంపెల్లాలను యాక్టివిజన్ తీసేసింది. మాట వినడం లేదు, పోటీ కంపెనీతో మంతనాలాడుతున్నారు అన్నది యాక్టివిజన్ వాదన. మాకు రావాల్సిన రాయల్టీ ఎగ్గొట్టడానికే ఇదంతా అన్నది వాళ్లిద్దరి దావా. మోడర్న్ వార్‌ఫేర్ పేరు మీద ఏం చేయాలన్నా తమ మాటే చెల్లేలా ముందే రాయించుకున్నామని కూడా వాళ్లన్నారు. యాక్టివిజన్ ఎదురుదావా వేసి, ఆ పోటీ కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను సైతం అందులోకి లాగి 40 కోట్ల డాలర్లు అడిగింది. బోనసులు రాలేదని ఉద్యోగులు వేరే దావా వేస్తే 2012 మేలో 4.2 కోట్ల డాలర్లు చెల్లించింది. నెలాఖరుకు అసలు కేసూ రాజీలో ముగిసింది. షరతులు రహస్యం.

ప్రోగ్రామర్లకు మర్యాద దక్కలేదని పుట్టిన కంపెనీ ముప్ఫై ఏళ్లకు అటారీ కుర్చీలో కూర్చుందన్నమాట. దుర్మార్గులు చేరడం వల్ల అలా అయిందని నేననుకోను. పెట్టుబడి ఎవరిదో హక్కులూ వాళ్లవే అని రాసుకునే ఒప్పందాలున్నంతకాలం ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అలాగే ప్రవర్తిస్తారు.

కొత్త తగాదాలు ఇంకో క్లాజు చుట్టూ తిరుగుతున్నాయి. స్టూడియోను కొనేటప్పుడు కొంత సొమ్ము ఇచ్చి, మిగతాది ముందుముందు అమ్మకాలను బట్టి ఇస్తామంటారు. పబ్‌జీ, బీజీఎంఐల వల్ల మన కుర్రాళ్లందరికీ పేరు తెలిసిన కొరియా కంపెనీ క్రాఫ్టన్, 2021లో అమెరికా స్టూడియో అన్‌నోన్ వరల్డ్స్‌ను 50 కోట్ల డాలర్లకు కొంటూ, మరో 25 కోట్ల దాకా అలా ఇస్తానంది. 2025 జులైలో స్టూడియో పెద్దలు ముగ్గుర్నీ తీసేసి, వాళ్లు చేస్తున్న 'సబ్‌నాటికా 2' విడుదలను మరుసటి ఏడాదికి వాయిదా వేసింది. ఆ డబ్బు ఎగ్గొట్టడానికే అని వాళ్లు డెలావేర్ కోర్టుకెక్కారు. వాళ్లే బాధ్యతలు వదిలేశారని క్రాఫ్టన్ అంది. ఆ సొమ్ము కట్టకుండా తప్పించుకునే దారేమిటని క్రాఫ్టన్ అధిపతి చాట్‌జీపీటీని అడిగారని కూడా ఎదుటి లాయర్లు కోర్టు పత్రాల్లో రాశారు.