మూడేళ్ళ లోపు పిల్లల ఆట: ఆసుపత్రి వార్డులో మొదలైన చరిత్ర

శిశువిద్య చరిత్ర అనగానే ఒక వరస వినిపిస్తుంది. 1837లో జర్మనీలో ఫ్రోబెల్, 1907లో రోమ్‌లో మాంటిస్సోరి, 1920లో భావనగర్‌లో గిజుభాయి బధేకా బాలమందిరం, 1945లో బోర్డీలో తారాబాయి మోడక్, 1975లో అంగన్‌వాడీ. తేదీలతో నాకు పేచీ లేదు. కాని వీళ్ళంతా ముఖ్యంగా మూడేళ్ళు నిండిన పిల్లల గురించి ఆలోచించినవాళ్ళు. తప్పటడుగులు వేసే ఏడాదిన్నర పిల్లవాడు ఈ కథలో కనిపించడు. మాంటిస్సోరిని కొంత మినహాయించాలి. 1939లో అడయారు వచ్చి యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండిపోయిన ఆమె, పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ దాకా బిడ్డ మనసు తీరు గురించి లోతుగా ఆలోచించింది. 1949లో మద్రాసులో అచ్చయిన 'ది అబ్సార్బెంట్ మైండ్' అందుకు సాక్ష్యం. అయితే ఆ ఆలోచన మన దగ్గర ఎక్కువగా ఫీజు కట్టగలిగిన ఇళ్ళ పిల్లలకే అందింది.

దీనికి పోటీగా ఇంకో కథ ఉంది: ఇదంతా మన అమ్మమ్మలకు తెలిసిందేనని. తారంగం, దోబూచులు, ఉప్పుమూట, కాళ్ళాగజ్జె, ఏటికొప్పాక లక్కపిడతలు, మూడు చక్రాల నడకబండి. ఇందులో నిజం ఉంది. దోబూచుల్లో బిడ్డ నేర్చుకునేది చిన్న విషయం కాదు: కనబడని మనిషి లేకుండా పోలేదని, తన వంతు దాకా ఆగాలని. కాని తారంగం ఆడించడానికి తీరికున్న ఒక ఒడి కావాలి. నాట్లకో కోతలకో పోయిన కూలితల్లి బిడ్డ చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలోనో, ఏడేళ్ళ అక్క చంకలోనో పెరిగాడు. అమ్మమ్మల కథ చెప్పేవాళ్ళు ఆ బిడ్డను లెక్కలోకి తీసుకోరు.

పేదింటి పసివాడి ఆట శాస్త్రం దృష్టిలో పడింది బడి దారిన కాదు, ఆకలి దారిన అని నా అభిప్రాయం. 1968లో హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాల (ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ) నుంచి చంపకం, శ్రీకాంతియా, గోపాలన్ ఒక పరిశోధన ప్రచురించారు. పసితనంలో క్వాషియోర్కర్ అనే తీవ్ర పోషకాహార లోప వ్యాధి వచ్చి కోలుకున్న పిల్లలను కొన్నేళ్ళ తరవాత పరీక్షిస్తే, తెలివికి సంబంధించిన పరీక్షల్లో తోటివాళ్ళకన్నా వెనకబడి ఉన్నారు. తిండి కొరతే దానికి కారణమా, ఆ ఇంటి పరిస్థితులు కూడానా అన్నది తేలలేదు.

ఆ చిక్కుముడిని ఎక్కువగా విప్పింది జమైకా. కింగ్‌స్టన్‌లో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం మొదట ఆసుపత్రిలో బక్కచిక్కి చేరిన పిల్లలను ఆడించడంతో మొదలుపెట్టి, తరవాత ఇళ్ళకు వెళ్ళింది. వయసుకు తగ్గ ఎత్తు ఎదగని, 9 నుంచి 24 నెలల వయసున్న 129 మంది పిల్లలను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు పాలతో చేసిన పోషకాహారం, ఒక గుంపుకు ఆట, ఒక గుంపుకు రెండూ, చివరి గుంపుకు ఏదీ లేదు. ఆట అంటే వారానికి ఒక గంట ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి, తల్లి చేతే బిడ్డను ఆడించడం. ఆటబొమ్మలు పారేసిన సీసాలు, అట్టపెట్టెలు, గుడ్డపీలికలతో చేసినవి. వాటిని ఇంట్లోనే వదిలి, తరవాతి వారం మార్చేవారు. రెండేళ్ళు ఇలా సాగింది.

1991లో వచ్చిన ఫలితాల్లో తిండి, ఆట రెండూ మేలు చేశాయి. రెండూ అందినవాళ్ళు అందరికన్నా ముందున్నారు. పెద్దయ్యేదాకా నిలిచింది మాత్రం ఆట వల్ల కలిగిన మేలే. ఇరవయ్యేళ్ళ తరవాత 105 మందిని వెతికి పట్టుకుంటే, ఆట అందినవాళ్ళ సంపాదన అందనివాళ్ళకన్నా 25 శాతం ఎక్కువని 2014లో లెక్క తేలింది. ఆర్థికవేత్తలు ఈ అంకెను పెట్టుబడి మీద రాబడిలా చెప్పుకుంటారు. నాకది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. నూటముప్పై మంది కూడా లేని ఒక నగరపు గుంపు అది. ఆ శాతాన్ని తెచ్చి కోట్లమందికి అంటించలేం. నా దృష్టిలో అంతకన్నా విలువైనది అదే బృందం 1989లో ప్రచురించిన, అంతగా పేరు రాని ఇంకో ఫలితం. నెలకోసారి వెళ్తే ప్రయోజనం కనబడలేదు, పదిహేను రోజులకోసారి వెళ్తే కొద్దిగా కనబడింది, వారం వారం వెళ్తే స్పష్టంగా కనబడింది.

ఈ వెలుగులో మన 1975 నాటి పథకాన్ని చూడాలి. ఆ అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల్లో ఆటపాటల బడి మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకే. మూడేళ్ళ లోపు వాళ్ళకు పోషకాహారం, టీకాలు, తూకం. అప్పటి కరువుల్లో ప్రాణం నిలబెట్టడమే మొదటి పని గనక రూపకర్తలను నిందించను. కింగ్‌స్టన్ ఫలితాలు వచ్చాక కూడా ఆ విభజన మూడు దశాబ్దాలు కదలకపోవడాన్ని మాత్రం సమర్థించలేను.

2024లో కేంద్రం 'నవచేతన' పేరుతో పుట్టుక నుంచి మూడేళ్ళ దాకా నెలనెలా చేయించాల్సిన ఆటల పట్టిక తెచ్చింది. పట్టిక బాగుంది. గిన్నెలు, గరిటెలు, పాటలతో ఇంట్లో చేయగలిగినవే ఉన్నాయి. కాని అంగన్‌వాడీలో ఉండేది ఒక టీచరు, ఒక ఆయా. తూకాలు, వంట, రిజిస్టర్లు, ఫోనులో పోషణ్ ట్రాకర్ యాప్. వీటి మధ్య వారానికో ఇల్లు ఎవరు తిరుగుతారు? డబ్బున్న ఇళ్ళలో ఇంకో రకం లోటు. రెండేళ్ళ వాణ్ణి ప్లేస్కూల్లో కూర్చోబెట్టి పెన్సిల్ పట్టించడం, అన్నం తినిపించడానికి ఫోన్ చేతికివ్వడం. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఇంటింటికీ తిరగలేకపోతే దారి లేకపోలేదు. ఒడిశా పల్లెల్లో జరిగిన ఒక ప్రయోగంలో తల్లుల్ని, పిల్లల్ని గుంపుగా కూర్చోబెట్టి ఆడించినా ఇళ్ళకు వెళ్ళి ఆడించినంత ఫలితమే వచ్చింది. ఖర్చు చాలా తక్కువ. ఇది మన అంగన్‌వాడీ అరుగు మీద జరగగలిగిన పనే. ప్రస్తుతం తెలంగాణలో ఆ అరుగు మీదికి రెండేళ్ళ బిడ్డ తల్లి వచ్చేది ఎక్కువగా బాలామృతం అనే పోషకాహార పిండి పాకెట్ కోసం, నెలకోసారి. నెలకోసారి చాలదని కింగ్‌స్టన్‌లో 1989కే తేలింది.