లెండ్-లీజ్ చట్టం (1941)

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తన ఖజానా సొమ్ముతో ఆయుధాలు, వాహనాలు, ఆహారం సమకూర్చి మిత్రదేశాలకు పంపడానికి వీలు కల్పించిన చట్టం ఇది. 1941 మార్చి 11న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ దీనిపై సంతకం చేశారు.

మొదటి ప్రపంచ యుద్ధకాలపు బాకీలు వసూలు కాకపోవడంతో, ఎగవేసిన ప్రభుత్వాలకు కొత్త అప్పు పుట్టకుండా అమెరికా 1934లోనే చట్టం చేసుకుంది. 1939 నవంబరు నుంచి యుద్ధంలో ఉన్న దేశాలకు ఆయుధాలు అమ్మే పద్ధతి ఒక్కటే: నగదు చెల్లించాలి, సరుకు సొంత ఓడల్లో తీసుకుపోవాలి. బ్రిటన్, ఫ్రాన్సుల ఆర్డర్ల డబ్బుతో అమెరికా విమాన కర్మాగారాలు విస్తరించాయి. తర్వాత అమెరికాకే పేరు తెచ్చిన మస్టాంగ్ యుద్ధవిమానం పుట్టింది 1940 నాటి బ్రిటిష్ ఆర్డరుతోనే. ఆ ఏడాది చివరికి బ్రిటన్ దగ్గర డాలర్లు అడుగంటాయి. డిసెంబరు 8న బ్రిటన్ ప్రధాని చర్చిల్ ఆ సంగతే రూజ్‌వెల్ట్‌కు రాశారు.

పక్కింటికి నిప్పంటుకున్నప్పుడు నీళ్ల గొట్టం ఇస్తాం గానీ ముందు దాని ఖరీదు అడగం కదా అని రూజ్‌వెల్ట్ విలేఖరులతో అన్నారు. వాడిన ఆయుధాలు తిరిగి ఎవరికి కావాలని సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ ఎదురు ప్రశ్న వేశారు. అయినా సెనేట్ 60–31 ఓట్లతో బిల్లును ఆమోదించింది. తర్వాత టాఫ్ట్ మాటే నిజమైంది.

మిత్రదేశాల చేతికి డబ్బు ఇవ్వలేదు. వారు అవసరాలు చెబితే అమెరికా యుద్ధశాఖ, నౌకాదళ శాఖ, వ్యవసాయశాఖ తమ ఆర్డర్లతో కలిపి కొనుగోలు చేసేవి. దీనివల్ల 1941 డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగేసరికి కర్మాగారాలు అప్పటికే నడుస్తున్నాయి. ఈ పథకంలో అసలైన లాభం ఇదే అనిపిస్తుంది. కర్మాగారాల నిర్మాణానికి వేరే ఏర్పాటు ఉండేది. 1940లో ఏర్పడిన డిఫెన్స్ ప్లాంట్ కార్పొరేషన్ ప్రభుత్వ ధనంతో వాటిని కట్టి కంపెనీలకు అద్దెకిచ్చింది. మిషిగన్‌లోని విల్లో రన్ అలాంటిదే. అక్కడ ఫోర్డ్ కంపెనీ ఎనిమిది వేలకు పైగా బి-24 బాంబర్లు తయారు చేసింది.

మొదటి కేటాయింపు 700 కోట్ల డాలర్లు. యుద్ధం ముగిసేసరికి మొత్తం దాదాపు 5,000 కోట్లకు చేరింది. అందులో సుమారు 3,100 కోట్లు బ్రిటిష్ సామ్రాజ్యానికి, 1,100 కోట్లు సోవియట్ యూనియన్‌కు వెళ్లాయి. సోవియట్ సైన్యం ట్యాంకులు చాలావరకు తానే తయారు చేసుకుంది. దానికి అక్కరకొచ్చినవి నాలుగు లక్షల దాకా జీపులు, ట్రక్కులు, సుమారు 1,900 రైలింజన్లు, డబ్బా మాంసం, బూట్లు. ఇవి ఆర్కిటిక్ రేవులు, ఇరాన్, వ్లాదివోస్తోక్ మీదుగా చేరాయి.

ఎదురు సాయమూ ఉండేది. భారతదేశంలోని అమెరికన్ దళాలకు ఆహారం, ఇంధనం, విమానాశ్రయాలు ఇక్కడివారే సమకూర్చారు. భారత్ కూడా అమెరికా నుంచి 22.6 కోట్ల ఔన్సుల వెండి అరువు తెచ్చుకుంది. నాణేల కొరత, ధరల పెరుగుదల అందుకు కారణాలు. ఈ అరువు మాత్రం వెండి రూపంలోనే తిరిగి వెళ్లింది.

1945 ఆగస్టులో కొత్త అధ్యక్షుడు ట్రూమన్ సరఫరా ఆపేయడంతో బ్రిటన్ దిమ్మెరపోయింది. ఆర్థికవేత్త కీన్స్ వాషింగ్టన్ వెళ్లి, 2 శాతం వడ్డీకి 375 కోట్ల డాలర్ల అప్పు తెచ్చారు. లెండ్-లీజ్ లెక్క కింద బ్రిటన్ కట్టాల్సింది 65 కోట్లుగా తేలింది. ఈ అప్పుల చివరి వాయిదా తీరింది 2006 డిసెంబరులో. సోవియట్ యూనియన్‌తో 1972లో 72.2 కోట్లకు ఒప్పందం కుదిరింది.

2022 మేలో ఉక్రెయిన్ కోసం ఇదే పేరుతో మరో చట్టం వచ్చింది. కానీ సాయం వేరే దారుల్లో వెళ్లింది. ఈ చట్టాన్ని వాడకుండానే 2023లో గడువు ముగిసింది.