కొడవలూరు పరిసర సముద్రతీరాలు

కొడవలూరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలోని ఒక మండల కేంద్రము. గూడూరు - విజయవాడ రైలు మార్గంలో ఇక్కడ రైల్వే స్టేషను కలదు. గ్రామం సముద్రపు ఒడ్డున లేకపోయినా బంగాళాఖాతం తూర్పున సమీపంలోనే ఉన్నది. ఈ ప్రాంతపు కుటుంబాలు సముద్ర స్నానానికి, విహారానికి ముఖ్యంగా రామతీర్థం, మైపాడు తీరాలకు వెళ్తుంటాయి.

తీరాలు

రామతీర్థం: విడవలూరు మండలంలో, పెన్నా నదికి ఉత్తరాన ఉన్నది. సముద్రతీరంలో రామలింగేశ్వరస్వామి ఆలయం కలదు. ఇక్కడి లింగాన్ని శ్రీరాముడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. పర్వదినాలలో భక్తులు సముద్రంలో స్నానం చేసి స్వామిని దర్శిస్తారు.

మైపాడు: ఇందుకూరుపేట మండలంలో, పెన్నకు దక్షిణాన, నెల్లూరు నుండి సుమారు 25 కి.మీ. దూరంలో ఉన్నది. విశాలమైన ఇసుక తిన్నెలు, సరుగుడు తోటలు ఇక్కడి ప్రత్యేకత. జిల్లాలో ఎక్కువమంది పర్యాటకులు వచ్చే తీరాలలో ఇది ఒకటి.

ఈ రెండు తీరాల మధ్య పెన్నా నది ఊటుకూరు వద్ద సముద్రంలో కలుస్తుంది. అందువలన కొడవలూరు నుండి మైపాడు వెళ్ళేవారు కోవూరు మీదుగా పెన్న దాటి, నెల్లూరు చేరి, అక్కడి నుండి తూర్పుకు వెళ్ళవలెను. రామతీర్థానికి విడవలూరు మీదుగా, నది దాటకుండానే చేరవచ్చును.

చరిత్ర

తీరానికి సమాంతరంగా సాగే బకింగ్‌హాం కాలువ తవ్వకం 1806లో మద్రాసు వద్ద ఉప్పు రవాణా కొరకు ప్రారంభమైనది. తరువాత దీనిని దశలవారీగా ఉత్తరాన పెదగంజాం వరకు పొడిగించి, కొమ్మమూరు కాలువ ద్వారా కృష్ణా డెల్టాతో కలిపారు. 1876-78 నాటి కరవులో మద్రాసు నగరం లోపలి భాగాన్ని కరవు పనుల క్రింద తవ్వించారు. 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు పెట్టారు. ఉప్పు, వంటచెరకు, ధాన్యం పడవలపై ఈ కాలువ గుండా మద్రాసుకు చేరేవి. రైలు, రోడ్డు రవాణా పెరగడంతోను, 1960వ దశకంలోని తుఫానుల వలన కాలువ దెబ్బతినడంతోను పడవల రాకపోకలు క్షీణించాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు ఒడ్డు దాటిన నీటిలో కొంత భాగం ఈ కాలువలో చేరి, లోపలి గ్రామాలపై తాకిడి తగ్గినది.

మైపాడు ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే, పెన్న ఒడ్డున పల్లిపాడు గ్రామం కలదు. అక్కడి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న మహాత్మా గాంధీ ప్రారంభించాడు. ఆశ్రమానికి కావలసిన భూమిని పొణకా కనకమ్మ సమకూర్చింది.

1990వ దశకంలో ఈ తీరం వెంట రొయ్యల చెరువులు విస్తరించాయి. తీరప్రాంత నియంత్రణ మండలిలో ఇటువంటి చెరువులను నిషేధిస్తూ 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. అటుపిమ్మట 2005లో కేంద్రం చేసిన చట్టంతో ఈ సాగు అనుమతుల క్రిందకు వచ్చినది.

మత్స్యకారులు

ఈ తీరాలు మొదట మత్స్యకారుల జీవనస్థలాలు. తీరగ్రామాల పేర్లలో తరచు వినిపించే 'పట్టపుపాలెం' ఇక్కడి పట్టపు కులస్థులను తెలుపుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమగుటచే ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషిద్ధము. వేసవి సెలవులకు వచ్చేవారికి ఒడ్డున వరుసగా కనిపించే పడవలు ఆ విరామానికి గుర్తు. ఒడ్డున ఆరవేసిన వలలను త్రొక్కడం, పడవలపై పిల్లలను ఆడించడం తగదు.

స్నాన కాలము, జాగ్రత్తలు

సముద్ర స్నానానికి జనం అధికంగా వచ్చే కార్తీక మాసమే ఈ తీరంలో తుఫానుల కాలము. 1984 నవంబరు 14న శ్రీహరికోట వద్ద తీరం దాటిన తుఫాను, 1989 నవంబరు 8-9 తేదీలలో కావలి వద్ద తీరం దాటిన పెనుతుఫాను రెండూ కార్తీకంలోనే వచ్చాయి. రెండవది 'గే' అను పేర థాయిలాండ్ సింధుశాఖలో పుట్టినది. అక్కడ ఒక చమురు తవ్వక నౌకను ముంచి, ద్వీపకల్పాన్ని దాటి, బంగాళాఖాతం మీదుగా నెల్లూరు తీరానికి చేరినది.

తుఫాను హెచ్చరిక లేని రోజున కూడ ఒడ్డు నుండి లోపలికి లాగే ప్రవాహాలు ఏర్పడతాయి. రెండు ప్రక్కలా అలలు విరుగుతూ నడుమ నీరు నిశ్చలంగా కనిపించే చోటు ఈ ప్రవాహానికి గుర్తు. పిల్లలకు భద్రమని పొరపడేది ఈ చోటునే. ప్రవాహంలో చిక్కినవారు ఎదురీదక, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడవలెను. నదీముఖం వద్ద ఇసుక మేటలు, లోతులు మారుతుంటాయి కనుక అక్కడ స్నానం మానుకొనవలెను. ఆనాటి సముద్రపు తీరును స్థానిక మత్స్యకారులను అడిగి, వారు చూపిన చోటనే దిగడం మంచిది.